జేబులో తాళంచెవి

ఆర్కన్సాలో వరి పండే పల్లపు ప్రాంతం. కోతల కాలం, ఉదయం పదిన్నర. లాయరు వెండెల్ స్ట్రిక్‌ల్యాండ్ ఆఫీసులో కాగితాల గది తలుపు లోపలి నుంచి బిగించి ఉంది. బయట లాయరు, ఆయన గుమాస్తా ఓపలమ్మ. లోపల, ఏడాది క్రితం భర్తను పోగొట్టుకున్న వెర్నా కాబ్.

"తలుపు తియ్యి వెర్నా. పదకొండుకల్లా జడ్జి గారి ముందుండాలి మనం."

"తియ్యను."

"రోడ్డు దాటితే కోర్టు. రెండు నిమిషాలు. సంతకానికి ఇంకో రెండు. ఆ తర్వాత జన్మలో నా మొహం చూడక్కర్లేదు నువ్వు."

"హైవే మీద అంత బొమ్మ పెట్టించుకుని, చూడకుండా ఎలా కుదురుతుంది లాయరు గారూ? 'దెబ్బ తగిలిందా, వెండెల్ ఉన్నాడు' అని. మా పాప అక్షరాలు నేర్చుకున్నదే దాని మీద."

"సరే, నవ్వించావు. ఇప్పుడు తియ్యి. ఓపలమ్మా, ఈ గది తాళంచెవి మీ దగ్గరేగా ఉంటుంది? ఇలా ఇవ్వండి."

"నా దగ్గరున్నది బయటి తాళానిదండీ. ఆ అమ్మాయి లోపలి గడియకి ఏదో తాళంకప్ప వేసుకుంది. టక్కుమని వినబడింది నాకు."

"కప్పా? ఆ గదిలో కప్ప ఎక్కడిది?"

"కోయ్‌ది, లాయరు గారూ. పోలీసులు తిరిగిచ్చిన పెట్టెలో ఉంది. ఎర్ర కప్ప. ఆ రోజు మా ఆయన మర స్విచ్చికి వేసి వడ్ల గాదెలోకి దిగింది ఇదే."

"అది సాక్ష్యం వెర్నా. దాంతో ఆటలేంటి? ఓపలమ్మా, అసలా పెట్టె ఎందుకిచ్చారు?"

"సంతకం పెట్టేముందు వాళ్లాయన వస్తువులు ఒకసారి చూసుకుంటానంది. కాదని ఎలా అంటానండీ? మీరైతే అనేవారా?"

"నేనైతే సంతకం అయ్యాక చూడమనేవాణ్ణి."

"అందుకే మిమ్మల్ని అడగలేదు. ఓపలమ్మనడిగాను."

"వెర్నా, నీ బాధ నాకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. చివరి రోజు అందరికీ చేతులు వణుకుతాయి. సంతకం పెడితే మనిషి రెండోసారి పోయినట్టుంటుంది. కాస్త కాఫీ తాగు, నాతో రా."

"నా చేతులేం వణకట్లేదు. ఆ రాజీ కాగితంలో మూడో వాక్యం ఏముందో మీరే చదవండి. పైకి చదవండి."

"అది మామూలు వాక్యం."

"చదవండి."

"'మృతుడు స్విచ్చికి తన కప్ప వేయుట మరచినందున...' ఇలాంటి కాగితాల్లో ఏదో ఒకటి రాస్తారమ్మా. వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ కంపెనీ తప్పు ఒప్పుకోదు. మనం మాట్లాడం, వాళ్లూ మాట్లాడరు. ఆ కాగితం మూతపడి పోతుంది, ఎవరూ చదవరు."

"మా పాప చదువుతుంది. పద్దెనిమిదేళ్లొచ్చాక దాని వాటా తీసుకునేటప్పుడు ఆ కాగితం చేతిలో పెడతారని మీరే చెప్పారు. మీ నాన్న మతిమరుపుతో చచ్చాడని చదువుకుంటుంది. కోయ్ ఎలాంటివాడో తెలుసా? స్టవ్వు ఆర్పాడో లేదో చూడ్డానికి వాకిట్లోంచి మళ్లీ వచ్చేవాడు. చర్చికి ఆలస్యమైనా సరే."

"కాదనట్లేదు."

"గాదెలో గడ్డకట్టిన వడ్లు పొడవడానికి దిగేవాడు, అడుగున తోడే మర తిరక్కుండా స్విచ్చికి కప్ప వేసుకుని, తాళంచెవి జేబులో వేసుకుని దిగుతాడు. పైకొచ్చి తనే తీస్తాడు. ఇంకొకడు తియ్యడానికి లేదు. ఏడేళ్లు అలాగే దిగాడు. ఆ ఒక్కరోజే మరిచిపోయాడా?"

"మనుషులు ఆ ఒక్కరోజే మరిచిపోతారమ్మా. అందుకే నాకు పని దొరుకుతోంది."

"లాయరు గారూ, ఆ మాట తప్పండీ."

"తప్పే ఓపలమ్మా. వెర్నా, క్షమించు. నోరు జారాను."

"ఫర్లేదు. మీ నోరు ఎక్కడెక్కడ జారదో చూస్తున్నా ఇక్కడ. మీ పుస్తకం కనబడింది."

"ఏ పుస్తకం?"

"నల్ల అట్టది. బైబిలంత లావుంది. కేసుకో పేజీ, అన్నీ గళ్లు గీసి, మీ చేత్తో రాసుకున్నారు. పోయినవాడి పేరు, తారీఖు, ఎక్కడ, ఎలా, తప్పెవరిది, చివరికి ఏమైంది. అడుగున ఇంకో గడి. జేబులో ఏమున్నాయి."

"అది నా సొంతం. మూసి పెట్టు."

"'ఎర్ల్ టబ్స్. దుంగల లారీ గొలుసు తెగింది. తప్పు: గొలుసు మార్చని లారీ యజమాని. జేబులో: పళ్ల డాక్టరు చీటీ, మర్నాటి తారీఖుతో.' ఇంకోటి. 'లూసిండా పార్హామ్. గ్యాస్ సిలిండరు. తప్పు: వాల్వు అమ్మినవాడు. ఆప్రాన్ జేబులో: బట్టల క్లిప్పులు రెండు, పిప్పరమెంటు బిళ్ల.' ఇవన్నీ ఎందుకు రాసుకుంటారు?"

"శవపంచనామాలో ఉంటాయి. దించుకుంటాను."

"ఎందుకు అంటున్నా."

"ఎలా పోయాడని అందరూ అడుగుతారు. జేబులో ఏముందని ఎవరూ అడగరు. అది చూస్తే ఆ మనిషి ఆ సాయంత్రం ఏం చేద్దామనుకున్నాడో తెలుస్తుంది. ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా."

"రాత్రిళ్లు ఆయనకి నిద్ర ఉండదు వెర్నా. పొద్దున నేనొచ్చేసరికి ఒక్కోసారి ఆ పుస్తకం మీదే తలపెట్టుకుని ఉంటారు. మంచి మనిషమ్మా. తలుపు తియ్యి."

"తీస్తా ఓపలమ్మా. కోయ్ పేజీ కూడా చదివాక. 'జేబులో: తాళంచెవి, నమిలే పొగాకు సగం పొట్లం, చీటీ.' ఆ చీటీ నేను రాసిందే. పాలు, బల్బు, పాపకి దగ్గు మందు. ఆ రాత్రి అది దగ్గుతూనే ఉంది."

"వెర్నా..."

"ఉండండి. ఇక్కడ 'తప్పెవరిది' అన్న గడి ఖాళీగా ఉంది. లారీ యజమానికి రాశారు, వాల్వు అమ్మినవాడికి రాశారు, ఒకచోట కోడెదూడకి కూడా రాశారు. మా ఆయన దగ్గరకొచ్చేసరికి మీ కలంలో ఇంకు అయిపోయిందా?"

"కేసు ఇంకా ముగియలేదుగా. ఇవాళ సంతకం అయ్యాక రాస్తాను."

"ఏమని?"

"గంట పదీ నలభై అయింది వెర్నా."

"ఏమని రాస్తారు?"

"ఓపలమ్మా, వడ్రంగి హోయ్ట్‌కి ఫోన్ చెయ్యండి. గునపం తెమ్మనండి."

"చెయ్యనండీ. మొగుడి వస్తువుల దగ్గర కూచున్న ఆడమనిషి మీద గునపమా? కాసేపు ఆగండి. ఇదుగో వెర్నా, నేను కుర్చీ తెచ్చుకుని ఇక్కడే కూచున్నా. ఆ పెట్టెలో ఇంకేం ఉన్నాయి?"

"ఫోటోలున్నాయి ఓపలమ్మా. షెరీఫ్ మనిషి తీసినవి. స్విచ్చి పెట్టె ఫోటో ఉంది. కోయ్ కప్ప కొక్కేనికి వేలాడుతోంది, నోరు తెరుచుకుని."

"అదేనమ్మా కంపెనీవాళ్లనేది. తగిలించాడు గానీ నొక్కి మూయడం మరిచాడని."

"నేనూ అదే నమ్మాను. ఇందాక ఈ కప్ప నా చేత్తో తెరిచేదాకా. కోయ్ జేబులో దొరికిన చెవితోనే తెరిచాను. తీరా లాగితే చెవి రాలేదు. తుప్పు పట్టిందనుకున్నా. కప్ప నొక్కి మూశాను. చెవి దానంతటదే చేతిలోకొచ్చింది. మళ్లీ తెరిచా, మళ్లీ ఇరుక్కుంది. ఎనిమిదిసార్లు చూశాను. ఈ కప్ప తెరిచి ఉన్నంతసేపూ చెవిని వదలదు ఓపలమ్మా. మూస్తేనే వదులుతుంది."

"ఆ కప్పలు అలాగే చేస్తారు. భద్రత కోసం."

"ఓహో. మీకు తెలుసా లాయరు గారూ?"

"ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది."

"ఏడాదినుంచీ తెలుసు, నాకు మాత్రం చెప్పలేదు. ఓపలమ్మా, మీరు వినండి. కోయ్ తాళంచెవి కోయ్ జేబులోనే దొరికింది, ముప్ఫై అడుగుల వడ్ల కింద. చెవి జేబులోకి వెళ్లిందంటే, కప్ప మూసే దిగాడన్నమాట."

"అవును కదా."

"ఫోటోలో కప్ప తెరిచి ఉంది. తెరిచి ఉందంటే దాంట్లో చెవి ఉండి తీరాలి. కోయ్ చెవి కోయ్ దగ్గరుంది. మరి ఫోటోలో కప్ప కింద చీకట్లో ఇరుక్కుని ఉన్న చెవి ఎవరిది?"

"రెండో చెవి ఉండటానికి వీల్లేదమ్మా. అవన్నీ నదిలో పారేశారు."

"ఓపలమ్మా."

"అంటే, లాయరు గారూ, నేననేది..."

"ఓపలమ్మా, మీరు మాట్లాడకూడదు. మీకు తెలుసు కదా. లోపలికెళ్లి కాఫీ చూడండి."

"ఏవి పారేశారు ఓపలమ్మా? ఎవరు పారేశారు?"

"ఏదో ఊళ్లో అనుకునే మాట. నాకేం తెలుసు వెర్నా, టైపు కొట్టుకునేదాన్ని."

"నోట్లో వేలు పెడితే కొరకలేనిదాన్ననుకుంటున్నారు ఇద్దరూ. సరే. ఈ పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. దాని మీద తెల్లకాగితం అంటించేశారు, నాలుగు పక్కలా బంక పెట్టి. కిటికీకి ఆనించి పట్టుకుంటే వెలుగులో కింది రాత కనబడుతోంది."

"వెర్నా, ఆ పేజీ జోలికి వెళ్లకు. అది కోర్టు మూసేసిన కేసు. చదివితే నేరం. నీకూ, నాకూ."

"నన్ను జైల్లో పెడితే నా తరఫున వాదించడానికి మీరున్నారుగా. 'మూడో నంబరు గాదె' అని ఉంది."

"చదవకు."

"మూడో నంబరు గాదె. కోయ్ పోయిన గాదె. తారీఖు పదకొండేళ్ల కిందటిది. పేరు రాయలేదు. 'ఎలా' అన్నచోట, 'మనిషి లోపల ఉండగా మర తిరిగింది' అని ఉంది. 'తప్పెవరిది' ఖాళీ. 'ఏమైంది' దగ్గర ఒక్క మాట, 'రాజీ'. లాయరు గారూ, అదే గాదెలో ఇంకొకడు పోయాడని నాకెప్పుడూ చెప్పలేదే మీరు?"

"చెప్పడానికి లేదు. నోరు విప్పకూడదని షరతు. లాయరుకీ అది వర్తిస్తుంది."

"జేబులో ఏముందో కూడా రాశారు. వెలుగు సరిపోవట్లేదు. 'తాళంచెవి.' మళ్లీ తాళంచెవి. 'సినిమా టిక్కెట్టు ముక్క.' ఇంకా... 'పెకాన్ కాయలు మూడు.'"

"ఏమన్నావు?"

"పెకాన్ కాయలు, ఓపలమ్మా. మూడు."

"పొడుగువా, గుండ్రటివా? రాసుందా?"

"చూడనివ్వండి. 'పొడుగు రకం, పెంకు పల్చన' అని రాశారు."

"ఓపలమ్మా, వద్దు. ఒక్క మాటంటే ఆ పాత కాగితం మొత్తం చెల్లకుండా పోతుంది. మీకిచ్చినదంతా వెనక్కి అడుగుతారు. మీ ఇల్లు పోతుంది."

"అవి మా పాత ఇంటి పెరటి చెట్టువి."

"ఓపలమ్మా."

"పొద్దున పనికెళ్తూ ఏరుకుని జేబులో వేసుకునేవాడు. వాడి జేబులో ఏం దొరికాయో ఎవరూ నాకు చెప్పలేదు. పదకొండేళ్లు, ఈ తలుపుకి అవతలే ఉంది. రోజూ ఆ అలమర తుడుస్తాను నేను. వెర్నా, ఆ పేజీ నా కొడుకుది."

"మీకు పిల్లల్లేరన్నారు కదా ఓపలమ్మా?"

"ఎప్పుడూ అలా అనలేదు. నువ్వడిగితే మాట మార్చాను. వాణ్ణి గురించి ఎక్కడా అనకూడదని రాసిచ్చాను. ఎలా పోయాడో చెప్పకూడదు, ఎక్కడ పోయాడో చెప్పకూడదు. అసలు పేరెత్తితే మిగతావన్నీ అడుగుతారని, పేరే ఎత్తడం మానేశాను. ఆ కౌంటీ వదిలి ఇక్కడికొచ్చాను. లాయరు గారే ఉద్యోగమిచ్చారు. దయ అనుకున్నాను."

"నదిలో పారేసినవేంటి? ఇప్పుడైనా చెప్పండి."

"తాళంచెవులమ్మా. కొత్త కప్ప పొట్లంలో రెండు చెవులొస్తాయి. పొట్లం విప్పి ఒకటే మనిషికిస్తారు. రెండోది మేస్త్రీ గదిలో ఉంటుంది. గోడకి కాలెండరు, దాని వెనక చెక్క, చెక్క నిండా మేకులు, మేకుకో చెవి. ఎవడైనా కప్ప తియ్యడం మరిచిపోయి ఇంటికిపోతే, వడ్ల లారీలు మైలు పొడుగునా ఆగిపోతాయి కదా. అందుకని. మా వాడు భోజనానికి పోయాడనుకుని అప్పటి మేస్త్రీ చెక్క మీంచి చెవి తీసి, కప్ప తెరిచి స్విచ్చి వేశాడు."

"బక్ కూడా అలాగే తీశాడా? ఇప్పటి మేస్త్రీ బక్? వాడు కోయ్ శవపేటిక మోశాడు ఓపలమ్మా. మా వంటింట్లో కూచుని ఏడ్చాడు."

"కాదు, కాదు. అలా జరగడానికి వీల్లేదు. ఆ చెక్క తీసేశారు. నేనడిగింది అదొక్కటే. కేసు నడపడానికి నేను సిద్ధమే, జనం ముందు నిలబెట్టి అడుగుదామన్నాను. లాయరు గారే రాజీ మంచిదన్నారు. అయితే ఆ చెక్క పీకి, చెవులన్నీ నదిలో పారేస్తామని రాసిస్తేనే సంతకం పెడతానన్నాను. రాసిచ్చారు. నాలుగో షరతు. నాకు చదివి వినిపించారు కూడా. ఏమండీ, వినిపించారు కదా?"

"వినిపించాను."

"అందుకే కోయ్ పోయినప్పుడు నేనూ నమ్మాను వెర్నా. మరిచిపోయి ఉంటాడు పాపం అనుకున్నా. ఇంకో చెవి లేదు కాబట్టి. నువ్వు ఏడుస్తుంటే నీ పక్కన కూచుని, మనసులో వాడిదే తప్పనుకున్నాను. నన్ను క్షమించమ్మా."

"ఆ పాత కాగితం ఎక్కడుంది ఓపలమ్మా?"

"నీకు ఎడం పక్క, కింది అర. క్రిస్మస్ దీపాల పెట్టె వెనక. గోధుమరంగు కవరు, ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. అక్కడ పెట్టింది నేనే. ఎప్పుడూ విప్పలేదు."

"వెర్నా, నా మాట విను. ఆ కవరు విప్పితే నా లైసెన్సు పోతుంది."

"లైసెన్సు పోతుందా? ఎందుకు పోతుంది లాయరు గారూ? నా కాగితం నేను చూసుకోకూడదా? విప్పు వెర్నా."

"విప్పుతున్నా. దీపాల తీగ చుట్టుకుంది. ఆ, వచ్చింది."

"నాలుగో షరతు చూడు."

"ఒకటి, రెండు, మూడు... ప్రతి పేజీ అడుగునా నీలం ఇంకుతో పొట్టి సంతకం. రెండు సున్నాలు."

"నావి. ఓపల్ ఓట్స్. ప్రతి పేజీకీ పెట్టమన్నారు. చూపు ఆనక అక్షరాలు కూడా వంకరపోయి ఉంటాయి."

"నాలుగో షరతు ఉంది. 'తాళంచెవుల చెక్కను తొలగించి, చెవులన్నింటినీ నాశనం చేయగలము' అని. కానీ ఓపలమ్మా..."

"చెప్పు."

"దాని మీద అడ్డంగా గీత కొట్టేశారు. నల్ల ఇంకు. మొత్తం కొట్టేశారు."

"కొట్టేశారా?"

"పక్కన అంచులో పొట్టి సంతకం ఉంది. మీది కాదు. కంపెనీవాళ్లది ఒకటి. ఇంకోటి డబ్ల్యూ. ఇ. ఎస్. అని."

"ఆ నల్ల ఇంకు కలం నాకు తెలుసు. ఏటా పుట్టినరోజుకి దానికి రీఫిల్లు కొనిచ్చేది నేనే."

"ఓపలమ్మా, చెప్పనివ్వండి నన్ను. మీ సంతకం అయ్యాక ఆ కాగితం వాళ్ల దగ్గరకి పట్టుకెళ్లాను. నాలుగోది ఉంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, ఉంటే రాజీ లేదన్నారు. సాయంత్రం అయిదింటిదాకా గడువిచ్చారు. మీరు కోర్టులో ఓడిపోతే ఏమీ మిగలదు. అప్పటికి నేను పెద్ద కేసు ఒక్కటి గెలవలేదు. నా అద్దె కూడా..."

"నన్ను అడగొచ్చుగా. ఫోనుందిగా నాకు."

"అడిగితే మీరు వద్దంటారు."

"అవును. వద్దంటాను."

"కానీ వాళ్ల మేనేజరు మాటిచ్చాడు. కాగితం మీద వద్దు వెండెల్, ఊరికే తీసేస్తాం అన్నాడు. బాతుల వేటకి ఒకే పడవలో వెళ్లేవాళ్లం మేము, పదేళ్లు. పడవలో చెయ్యి కలిపి చెప్పాడు. ఇక్కడ అంతకంటే ఏం కావాలి? ఆ పడవలో ఇచ్చిన మాట ఎవడూ తప్పడనుకున్నాను."

"ఒకసారి వెళ్లి చూడాల్సింది. కాలెండరు పక్కకి జరిపితే కనబడేది. ఇక్కడికి తొమ్మిది మైళ్లు."

"ఎన్నోసార్లు బయల్దేరాను."

"ఎందుకు వెళ్లలేదు?"

"చెక్క అక్కడే ఉంటే ఏం చెయ్యాలో తెలియక."

"నన్ను కారులో ఇంటి దగ్గర దింపేటప్పుడు డ్రయ్యర్ రోడ్డు కాకుండా చుట్టు తిరిగి వెళ్తారు. నేను ఆ గాదె చూసి బాధపడతానని అనుకున్నాను. ఎంత మంచి మనసు అని మా చెల్లెలికి ఉత్తరం కూడా రాశాను. నా కోసం కాదన్నమాట."

"కాదు."

"లాయరు గారూ, నాకొక్కటి చెప్పండి. ఆ రోజు కోయ్‌ని ఇంకా గాదెలోంచి తియ్యనేలేదు. రేకులు కోస్తూనే ఉన్నారు. మీరు అప్పటికే మా వాకిట్లో ఉన్నారు, చేతిలో చావింటికి తెచ్చే పంది తొడ మాంసం పళ్లెంతో. ఊళ్లో ఇంకే లాయరూ రాలేదు. అంత తొందరగా ఎలా వచ్చారు?"

"రేడియోలో విన్నాను. మూడో గాదె అన్నారు."

"అనగానే తెలిసిపోయింది మీకు."

"తెలిసిపోయింది."

"ఇంకో లాయరు దగ్గరకి నేను పోతే వాడు గోడ మీద కాలెండరు తీసి చూసేవాడు."

"చూసేవాడు."

"అందుకని నా కేసు మీరు తీసుకున్నారు. నా చేత కూడా నోరు మూసుకునే కాగితం మీద సంతకం పెట్టిద్దామని."

"నీకు మంచి రాజీ తెచ్చాను వెర్నా. ఈ జిల్లాలో ఎవరికీ రాని రాజీ. నా వాటా కూడా తీసుకోలేదు."

"మా ఆయన మీద తప్పు మోపి తెచ్చారు."

"అది ఫోనండీ. మోగుతోంది. నేనెత్తుతాను, మీరు కదలకండి. హలో. ఆ, లాయరు గారి ఆఫీసే. కోర్టు నుంచా? లేదమ్మా, రావట్లేదు. వెర్నా కాబ్ ఇవాళ సంతకం పెట్టదు. జడ్జి గారికి వీలైతే ఆయన్నే ఇటు రమ్మను, రోడ్డు దాటితే చాలు. ఎందుకంటే, పదకొండేళ్ల కింద నోరు విప్పనని నేనొక కాగితం రాసిచ్చాను, అది ఇప్పుడే తెంపేశాను. అవును, ఓపల్‌నే మాట్లాడుతున్నా. ఓపల్ ఓట్స్. డెల్మర్ అమ్మని."

"ఓపలమ్మా, మీరేం చేశారో తెలుసా మీకు?"

"తెలుసు. ఇల్లు పోతుంది. పోనీ. ఆ ఇంట్లో వాడి పేరు గట్టిగా పిలిచిందే లేదు. వెర్నా, ఆ పేజీ మీద అంటించిన కాగితం చింపెయ్యి. నీ దగ్గర కలముందా?"

"సంతకానికని ఇచ్చిన కలం ఉంది."

"పేరు గడిలో రాయి. డెల్మర్ రే ఓట్స్. వయసు ఇరవై నాలుగు."

"డెల్మర్ రే ఓట్స్. రాశాను ఓపలమ్మా. ఇంక మిగిలింది 'తప్పెవరిది'. వాడి పేజీలోనూ ఖాళీయే, కోయ్ పేజీలోనూ ఖాళీయే. ఏం రాయమంటారు?"

"పుస్తకం నాది, నేను చెప్తాను వెర్నా. బక్ అని రాయి, కోయ్ పేజీలో. చెక్క మీంచి చెవి తీసింది బక్. స్విచ్చి వేసింది బక్."

"వెండెల్."

"డెల్మర్‌కి అప్పటి మేస్త్రీ. లేదా ఇద్దరికీ ఆ మేనేజరు పేరు రాయొచ్చు, మాట తప్పింది వాడు..."

"వెండెల్, నా వైపు చూడు. కోడెదూడ పేరు రాయడానికి కూడా నువ్వెప్పుడూ వెనకాడలేదు. ఈ రెండు గళ్లూ పేరు తెలియక ఖాళీగా ఉంచావా?"

"కాదు."

"మరి చెప్పు. గట్టిగా చెప్పు. తలుపు మందం, ఆ అమ్మాయికి వినబడాలి."

"వెర్నా, రాసుకో. వెండెల్ ఎమరీ స్ట్రిక్‌ల్యాండ్. రెండు పేజీల్లోనూ."